సంతబడి

పావనికి భయం పుట్టుకతోనే వచ్చిందని వాళ్ళమ్మ అంటుండేది. ఉయ్యాల కాస్త జోరుగా ఊపితే చాలు, గుక్కపట్టి ఏడ్చేదట. పెద్దయ్యాక ఆ భయానికి ఉయ్యాలలే అక్కర్లేకపోయింది. పంటు మీద గోదారి దాటాలంటే భయం, గ్యాస్ సిలిండర్ మార్చాలంటే భయం, తెలియని నంబరు నుంచి ఫోనొస్తే భయం. పోడూరుకు కాపురానికొచ్చి ఇన్నేళ్ళయినా, వీధి మొగలో కుక్కలున్నాయని చుట్టూ తిరిగి పాలకేంద్రానికి వెళ్ళే మనిషి. అటువంటి పావని ఊరంతా ముక్కున వేలేసుకునే పని చేసింది. మూడో తరగతి చదువుతున్న కూతుర్ని బడి మానిపించి, ఇక చదువు నేనే చెప్పుకుంటానని కూర్చుంది.

అదేదో ధైర్యమనుకునేరు. అది కూడా భయంతో చేసిన పనే.

కూతురి పేరు సుప్రియ. ఇంట్లో పిలిచేది పిచ్చుక అని. పేరుకు తగ్గట్టే పొద్దున లేచింది మొదలు ఒకటే కిచకిచ. పక్క ఊళ్ళోని ఇంగ్లీషు మీడియం బడిలో చేర్చారు. ఒక సోమవారం ప్రార్థన వేళ మైకు ముందు నిలబెట్టి ఏదో చదవమన్నారు. రెండు ముక్కలు చదివి ఆగిపోయింది. మైకు కీచుమంది, వరసల్లో పిల్లలు నవ్వారు. అక్కడితో పోయేదే. కానీ ఒక టీచరమ్మ దాన్ని ఫోనులో తీసి, తల్లిదండ్రుల గ్రూపులో పెట్టి, పిల్లలకు స్టేజి భయం పోవాలంటే ఇంటి దగ్గర అలవాటు చేయించండి అని కింద ఒక సలహా కూడా జతచేసింది. సాయంత్రానికి వీధిలో తల్లులందరూ చూసేశారు. “మీ పాప వీడియో చూశామండి, పాపం” అని పాలకేంద్రం దగ్గర ఒకరు, గుళ్ళో ఒకరు పలకరించారు.

మర్నాటి నుంచి సుప్రియ బడిలో నోరు విప్పలేదు. వారం తిరిగేసరికి ఇంట్లోనూ విప్పడం మానేసింది. ఏం కావాలన్నా తల ఊపడం, లేకపోతే వేలితో చూపించడం. ఎప్పుడో పోయిన అలవాటు, రాత్రిళ్ళు పక్క తడపడం, మళ్ళీ మొదలైంది. భీమవరంలో డాక్టరు పరీక్షలన్నీ చేసి, గొంతు బాగానే ఉందండి, భయం తగ్గితే మాట దానంతటదే వస్తుంది, ఎప్పుడన్నది మాత్రం చెప్పలేం అన్నాడు. ఆ చివరి ముక్క పట్టుకుని పావని తిండీ నిద్రా మానేసింది. రాకపోతే? పిల్ల జీవితమంతా ఇలా వేలు చూపిస్తూ బతకాల్సిందేనా? ఈ భయం వచ్చాక పంటు భయం, సిలిండర్ భయం ఎటుపోయాయో తెలియలేదు. బడికి వెళ్ళి, “పిల్ల బెదురుని ఊరందరికీ పంచిపెట్టే బడి మాకొద్దండి” అని చెప్పి టీసీ తెచ్చేసుకుంది. చెప్పి బయటికొచ్చాక పడిపోకుండా గేటు పట్టుకుని నిలబడిందనుకోండి, అది వేరే సంగతి.

భర్త హరిబాబు చెరువుల వెంట తిరిగి రొయ్యల మేత అమ్మే కంపెనీలో పనిచేస్తాడు. దేనికైనా “చూద్దాంలే” అనే మనిషి, దీనికీ అదే అన్నాడు. అత్తగారు పాపాయమ్మ మాత్రం ఊరుకోలేదు.

“ఊళ్ళో పిల్లలందరూ బ్యాగులేసుకుని బస్సెక్కుతుంటే మన పిల్ల ఇంట్లో కూర్చుని ఏం చేద్దామనే? పెళ్ళిచూపుల్లో ఎంతవరకు చదివిందంటే ఏం చెప్తావు, మా కోడలు చదివినంతే అని చెప్పనా?”

పిల్ల మాట్లాడితే చాలు, మిగతావన్నీ తర్వాత అనుకుంది పావని.

ఆ మాట వచ్చింది చివరికి, ఎక్కడో కాదు, పాలకొల్లు బజారులో వచ్చింది.

పావనికి కొనుగోళ్ళ విషయంలో గట్టి అభిప్రాయాలున్నాయి. పిరికివాళ్ళకు అభిప్రాయాలుండవని ఎవరన్నారో గానీ, వాళ్ళకే ఎక్కువ ఉంటాయి. బెండకాయ కొస తుంచి చూడాలి, వంకాయ తొడిమ ఎత్తి చూడాలి, గుడ్డ అయితే రెండు వేళ్ళ మధ్య నలిపి చూడాలి. ఫోనులో బొమ్మ చూసి కొనేవాళ్ళంటే ఆమెకు మంట. “బొమ్మలో పుచ్చు కనిపిస్తుందా?” అంటుంది. ఇంట్లో మాత్రం లోకం తలకిందులుగా నడిచేది. డెబ్బై ఏళ్ళ పాపాయమ్మే ఫోనులో కొనేది. నైటీలు, మోకాళ్ళ నూనెలు, ఎందుకు పనికొస్తాయో కంపెనీవాడికి కూడా తెలియని ప్లాస్టిక్ సామాన్లు వారంవారం గుమ్మంలో దిగేవి. సగం తిప్పి పంపేది. డెలివరీవాళ్ళందరికీ ఆవిడ మామ్మగారు. ఎండలో వచ్చారని మజ్జిగ కూడా ఇచ్చేది.

పావని మాత్రం శనివారం వస్తే సంచి పట్టుకుని, కూతురిని వెంటబెట్టుకుని షేర్ ఆటోలో పాలకొల్లు వెళ్ళేది. క్షీరారామం గోపురం దాటి వెళితే రోడ్డు పక్కన చిట్టియ్య ఆకుకూరలు పెట్టుకుని కూర్చుంటాడు. బేరమాడే వాళ్ళంటే అతనికి సరదా. ఒక శనివారం పావని గోంగూరకు బేరమాడుతుంటే ఒప్పుకోనట్టు నటించి, పిల్ల వైపు తిరిగి, “ఏమ్మా, మీ అమ్మ నా మాట ఇనట్లేదు, నువ్వు చెప్పు. ఏం చేద్దాం?” అన్నాడు. సుప్రియ అతన్ని చూసింది, గోంగూర చూసింది.

“ఇంకో కట్ట వెయ్యి,” అంది.

నెలల తర్వాత వచ్చిన మాట. పావని నడిబజారులో గోంగూర కట్టలు గుండెకు హత్తుకుని ఏడ్చేసింది. చిట్టియ్యకు ఏమీ అర్థం కాక, ఎందుకైనా మంచిదని మరో కట్ట కూడా వేశాడు.

అప్పటి నుంచి బజారే బడి అయింది. కూడికలు, తీసివేతలు చిట్టియ్య దగ్గర, తూకాలు ఉల్లిపాయల కొట్లో, చదవడం కొట్ల బోర్డుల మీద. పిల్ల ముందు గుసగుసలాడింది, తర్వాత అడిగింది, తర్వాత వాదించింది. పక్క తడపడం కూడా తగ్గుతూ వచ్చింది. పావని కొంచెం కొంచెంగా దూరం జరగడం మొదలుపెట్టింది. ఒక శనివారం పక్క కొట్టు దగ్గర, ఇంకో శనివారం రోడ్డుకు అవతల. పిల్ల ఒంటరిగా బేరమాడుతుంటే స్టీలు సామాన్ల కొట్టు అరుగు మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి చూసేది.

ఈ సంతోషం ఎవరితో చెప్పుకోవాలి? వీధిలో వాళ్ళు వినరు. అత్తగారు విని ఎగతాళి చేస్తారు. అప్పుడు దొరికింది ఆమెకు ఫోనులో ఒక గ్రూపు. పేరు ‘ఇంటిబడి’. పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే వాళ్ళు, చదివించుకుందామని ఆలోచించే వాళ్ళు, ఊరికే చూసిపోయేవాళ్ళు, అన్ని ఊళ్ళ నుంచీ కలిసి నాలుగు వేల మంది పైచిలుకు. పావని తన కూతురి ముచ్చట్లు ‘సంతబడి’ అని పేరు పెట్టి వారంవారం రాయడం మొదలుపెట్టింది. బతుకులో నలుగురి ముందు నోరెత్తని మనిషికి నాలుగు వేల మంది చెవులొగ్గారు. లైకులు వచ్చేవి, ఏడ్చామండి అనే వాళ్ళుండేవారు. మీలాంటి తల్లి ఊరికొకరు ఉండాలి అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ మాటలు చదివిన రోజు వంటింట్లో ఆమె చెయ్యి తేలిగ్గా ఆడేది.

జాగ్రత్త లేని మనిషి కాదు పావని. పిల్ల అసలు పేరు ఎక్కడా రాయలేదు, పిచ్చుక అనే రాసింది. ముఖం కనిపించే ఫొటో ఒక్కటీ పెట్టలేదు, జడ కనబడేలా వెనక నుంచి తీసినవే పెట్టింది. ఇంకేం భయం అనుకుంది.

గ్రూపులో అందరికంటే ముందు పలికేది దేవక్క అనే ఆవిడ. సామర్లకోటలో ఉంటానని, ఒక ఎయిడెడ్ స్కూల్లో గుమాస్తాగా చేస్తున్నానని రాసింది. పిల్ల పక్క తడుపుతోంది ఏం చేయాలి అని మొదట్లో పావని అడిగితే, చాలా ఓపికగా సలహాలు చెప్పింది ఆవిడే. ఎప్పుడూ ఎదురుపడలేదు. ఫొటో బదులు మందారపువ్వు బొమ్మ ఉండేది. అయినా పావని మనసులో ఆవిడ సొంత అక్క.

ఆ గురువారం పావని ఇలా రాసింది: ఈ శనివారం పిచ్చుకకు పెద్ద పరీక్ష. చిట్టియ్యగారి దగ్గర ఆకుకూర, ఎదుట నిమ్మకాయలు, మూల మీద కొబ్బరికాయ, మూడూ తనే కొనుక్కురావాలి. నేను ఈసారి అస్సలు కనిపించను, సందు తిరిగి కూర్చుంటాను. నాకే కాళ్ళు వణుకుతున్నాయి, దీవించండి.

అందరూ దీవించారు.

శనివారం పొద్దున సుప్రియ సంచి ఊపుకుంటూ చిట్టియ్య వైపు వెళ్ళింది. పావని సందు తిరిగి ఒక మందుల కొట్టు మెట్ల మీద కూర్చుంది. కనిపించకుండా ఉంటానని మాటిచ్చింది గనుక తల తిప్పి చూడకూడదని చీర చెంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. ఆకుకూర కొనుంటుంది. నిమ్మకాయల దగ్గర రద్దీ ఉందేమో. కొబ్బరికాయ చెవి దగ్గర ఆడించి చూడమని చెప్పాను, అందుకే ఆలస్యం. ఇలా ఒక్కో కొట్టు దగ్గరా పిల్లను నిలబెట్టి చూసుకుంది. మూడు కొట్లూ అయిపోయాయి. పిల్ల రాలేదు. మళ్ళీ మొదటి నుంచి ఊహించుకుంది. అప్పుడూ రాలేదు.

మాటా గీటా గాలికొదిలేసి లేచి పరుగెత్తింది. చిట్టియ్య ఎవరికో తోటకూర కడుతున్నాడు.

“మా పాప ఏదయ్యా?”

“పాపా? ఇందాకే ఎల్లిపోయిందండి. ఎవరో ఆవిడొచ్చారు కదండి.”

“ఎవరావిడ?”

“ఏమోనండి. పెద్దావిడేనండి. దూరం నుంచే పిచ్చుకా అని పిలిచారు. పాప కూడా నవ్విందండి. పేరెట్టి పిలిచారు కదాని మీ చుట్టాలేమో అనుకున్నానండి. చెయ్యట్టుకుని అలా బజార్లోకి తీసుకెళ్ళారు.”

పావని పైప్రాణాలు పైనే పోయాయి. చిట్టియ్య ఇంకా ఏదో అంటున్నాడు, పెదాలు కదలడం కనిపిస్తోంది గానీ ఆమె చెవికి ఏమీ ఎక్కడం లేదు. పిచ్చుక అన్న పేరు ఇంట్లో ముగ్గురికి తెలుసు. చుట్టాల్లో కూడా ఎక్కువ మందికి తెలియదు. తెలిసిన మిగతావాళ్ళు నాలుగు వేల మంది.

నిమ్మకాయల వాళ్ళను అడిగింది, చూడలేదన్నారు. కొబ్బరికాయల కొట్టతను ఏ రంగు గౌనమ్మా అన్నాడు. ఏ రంగు? పొద్దున తానే తొడిగింది, జడ తానే వేసింది, ఎంత తన్నుకున్నా రంగు గుర్తుకు రాలేదు. శనివారం రద్దీ. ఎటు చూసినా సంచులు పట్టుకున్న చేతులు, ఆ చేతుల కింద పిల్లల తలలు. సుప్రియా అని అరవబోయింది. అరిచినా లాభం లేదని అప్పుడే తోచింది. ఆ పిల్ల భయపడితే పలకదు. ఎవరన్నా లాక్కెళుతున్నా కేక పెట్టదు. నోరు బిగుసుకుపోతుంది. పక్కనుంచి వెయ్యి మంది నడిచిపోతున్నా ఒక్కరికీ తెలియదు.

ఈ సంగతి తల్లికి తెలుసు. ఇంకెవరికి తెలుసు? పావని ఒక గోడకు ఆనుకుని ఫోను తీసి తన రాతలు తానే చూసుకుంది. రాసినప్పుడు తల్లిగా రాసింది. ఇప్పుడు ఎవరో దొంగ చదివినట్టు చదివింది. పిచ్చుకకు బెల్లం జీళ్ళంటే ప్రాణం. పిచ్చుకకు పెద్దావిడలంటే బెరుకు లేదు, అందర్నీ అత్తా అంటుంది. పిచ్చుక నాన్న పగలంతా చెరువుల మీదే. చిట్టియ్యగారి కొట్టు గోపురం దాటగానే. భయం వేస్తే మా పిచ్చుక అరవదండి, మాట పడిపోతుంది. ఆ మాట కింద నూట ఎనిమిది మంది ఏడుపు బొమ్మలు పెట్టారు. పిల్లను ఎత్తుకుపోవాలనుకునేవాడికి ఏమేం కావాలో, ఏదీ మర్చిపోకుండా, వారంవారం, అచ్చుతప్పులు కూడా దిద్ది మరీ రాసిపెట్టింది తాను.

హరిబాబుకు ఫోను చేసింది. రెండో మాటకే అతని గొంతు మారింది. ఎప్పుడూ చూద్దాంలే అనే మనిషి, “నువ్వు ముందు పోలీస్ స్టేషనుకి వెళ్ళు, నేను బండి మీద వచ్చేస్తున్నా, అక్కడే ఉండు” అన్నాడు. అతనికి కూడా భయం వేస్తుందని ఆమె ఆ రోజే విన్నది.

స్టేషను ఎటో అడిగి నాలుగడుగులు వేసిందో లేదో ఫోను టింగుమంది. ఇంటిబడి గ్రూపు. దేవక్క ఒక ఫొటో పెట్టింది. ఏదో బట్టల కొట్లో నిలువుటద్దం, అద్దం ముందు కొత్త పరికిణీ కట్టుకుని సుప్రియ. తీసింది వెనక నుంచే, కానీ అద్దంలో ముఖం మొత్తం కనిపిస్తోంది. కింద రాత: మన పిచ్చుక దొరికిందోచ్. ఎక్కడున్నామో చెప్పుకోండి చూద్దాం.

పావనికి ప్రాణం లేచొచ్చింది. పిల్ల ఉంది, నిలబడి ఉంది. ఆ లేచొచ్చిన ప్రాణం అట్టే సేపు నిలవలేదు, ఎందుకంటే ఫొటో కింద జవాబులు ఒకదాని వెంట ఒకటి దిగుతున్నాయి. అబ్బ ముఖం ఇప్పుడు చూశాం, ఎంత ముద్దుగా ఉందో అన్నారు. పాలకొల్లే కదా అన్నారు. ఆ అద్దం నాకు తెలుసు, గాంధీబొమ్మల సెంటర్ దగ్గర చీరల కొట్టు అని ఒకావిడ చెప్పేసింది. ఆ కింద నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న బొమ్మతో ఎవరో మగమనిషి, ఇంతవరకు గ్రూపులో ఎన్నడూ పలకనివాడు, ఇలా రాశాడు: ఇంకా ఎంతసేపుంటారక్కా అక్కడ?

ఎంత మంచివాడో పాపం, ఊరికే అడిగి ఉండొచ్చు. పావనికి మాత్రం అది చదివాక చెప్పు ఎప్పుడు తెగిందో కూడా తెలియలేదు. తెగిన చెప్పు రోడ్డు మీదే వదిలేసి పరుగెత్తింది.

కొట్లో పరుపుల మీద చీరల గుట్టల మధ్య కూర్చుని ఉంది దేవక్క. అరవై దగ్గర పడిన మనిషి, బొద్దుగా, తెల్లటి నేత చీరలో, చమటలు తుడుచుకుంటూ. పావనిని చూడగానే ముఖం చాటంత చేసుకుని లేచింది.

“పావనీ? నువ్వే కదమ్మా? నేను దేవకుమారిని. దేవక్కని. సాయంత్రం ఇక్కడ లూథరన్ చర్చిలో మా మేనకోడలి పెళ్ళి. పొద్దున్నే బస్సు దిగి, మన పిచ్చుకని చూడకుండా ఎలా వెళ్తానని ఇటొచ్చేశా. నీకు ఫోన్ చేద్దామంటే నంబరు లేదు. అక్కడే నిలబెట్టి మాట్లాడేద్దామనుకున్నాను. కానీ ఆడపిల్లని మొదటిసారి చూస్తున్నాను, చేతిలో ఏదీ పెట్టకుండా ఎలాగమ్మా? అందుకే ఇలా తీసుకొచ్చి ఓ పరికిణీ కొన్నాను. రంగు బాగుందా?”

చేతిలో ఏదీ పెట్టకుండా ఎలాగ? ఈ ప్రాంతంలో పుట్టిన ఎవరికైనా అది సబబైన మాటే. పిల్లను మొదటిసారి చూసినప్పుడు వట్టి చేతులతో చూడరు. పావని కూడా చూడదు. ఒక తప్పు వెతికి కోప్పడదామంటే ఆ మనిషిలో ఎక్కడా దొరకలేదు. వంగి కూతుర్ని రెండు చేతులా పొదువుకుంది. ఒళ్ళు వెచ్చగా ఉంది, గుండె కొట్టుకుంటోంది, అంతా సరిగానే ఉంది. కానీ సుప్రియ తల్లి మెడ చుట్టూ చేతులు వెయ్యలేదు.

“పిచ్చుకా, భయపడ్డావా?”

పిల్ల తల అడ్డంగా ఊపింది. ఊపిందే గానీ మాట్లాడలేదు.

“ఏం మాయరోగమో చూడమ్మా,” అంది దేవకుమారి. “ఇందాకటిదాకా ఒకటే కబుర్లు. చిట్టియ్యగారు ఎలా బేరమాడతాడో చేసి చూపించింది. ఈ పరికిణీకి తనే బేరమాడింది కూడా. ఉన్నట్టుండి నోరు కట్టేసుకుంది.”

పావని పిల్లను వదలకుండానే తలెత్తింది. “ఎప్పట్నుంచండి?”

“పరికిణీ తొడిగి చూస్తున్నప్పట్నుంచేనమ్మా. నేనేం అన్లేదు. ఇప్పుడు పక్క తడపట్లేదుగా తల్లీ, అప్పట్లో మీ అమ్మ ఎంత బాధపడిపోయిందో అన్నాను, అంతే. ఇక్కడి అమ్మాయిలు కూడా నవ్వారు, ముద్దొచ్చి.”

గుడ్డలు మడతపెడుతున్న ఇద్దరమ్మాయిలు తలెత్తి మళ్ళీ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. సుప్రియ అద్దం వైపు చూడకుండా, నేల వైపు చూస్తూ నిలబడింది. మైకు ముందు ఇలాగే నిలబడింది.

ఇంతసేపూ పావని భయపడింది పిల్లను ఎవరో తీసుకుపోయారని. పిల్ల దొరికింది. పోయింది వేరే ఉంది. ఇంట్లో నలుగురి మధ్య ఉండాల్సిన మాట, పిల్ల తనకు తెలుసని కూడా ఒప్పుకోని మాట, తెలియని కొట్లో తెలియని మనిషి నోట్లోంచి ఊడిపడింది. ఆ మాట ఆవిడ నోట్లో పెట్టింది ఎవరో పిల్లకు కూడా తెలిసింది. మీ అమ్మ అని చెప్పింది కదా ఆవిడ.

దేవకుమారి ముఖంలో నవ్వు నెమ్మదిగా తగ్గింది. “నేనేమన్నా పొరపాటు చేశానా పావనీ?”

“లేదండి,” అంది పావని. “ఆ ఫొటో ఒక్కటీ తీసెయ్యండి. చాలు.”

ఆవిడ కంగారుగా ఫోను తీసింది, కళ్ళద్దాలు దొరక్క వెతుక్కుంది, ఎలా తీయాలో తెలియక పావని చేతికే ఇచ్చింది. వెళ్ళేటప్పుడు పాత గౌను ఉన్న కవరు చేతిలో పెట్టి, పెళ్ళికి రండమ్మా, భోజనం చేసి వెళుదురుగాని అని గుమ్మం దాకా వచ్చి పిలిచింది. పావని ఈ మర్యాదలన్నిటికీ తల ఊపింది. ఊపుతూనే రోడ్డుకు అటూ ఇటూ చూసింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న మగవాళ్ళు ఆ ఎండలో ఎంతమంది ఉంటారో అంతమందీ ఉన్నారు.

హరిబాబుకు ఫోను చేసి పాప దొరికిందని చెప్పింది. అతను అప్పటికే సగం దారిలో ఉన్నాడు. “ఏం జరిగింది?” అని అడిగితే, “ఇంటికొచ్చాక చెప్తానండి, మేం ఆటోలో వెళ్ళిపోతున్నాం” అంది. అతను మధ్యలో వదిలేసి వచ్చిన చెరువు పని ముగించుకుని సాయంత్రానికి వస్తానన్నాడు.

ఆటోలో పిల్లను గట్టిగా పట్టుకుని కూర్చుంది. కాలవ గట్టు వెంట కొబ్బరిచెట్లు వెనక్కి పోతున్నాయి. మామూలుగా అయితే సుప్రియ తాను చేసిన బేరాలు చెబుతూ ఆటోవాడి బుర్ర తినేసేది. “ఆకలేస్తోందా?” అంటే తల ఊపింది. “నామీద కోపమా?” అంటే ఆ ఊపడం కూడా ఊపలేదు. పావని ఇక అడగలేకపోయింది. అడిగిన ప్రతిసారీ జవాబు రాకపోవడం వినాలి కదా.

ఇంటి దగ్గర పాపాయమ్మ పరికిణీ చూసి ఎవరు కొన్నారే అంది. పిల్ల లోపలికి వెళ్ళి పరికిణీ విప్పి గౌను వేసుకుని మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. పాపాయమ్మ కోడలి ముఖం చూసి, ఏం తోచిందో, ఈసారి ఏమీ అనలేదు. అన్నం కలిపి తెచ్చి పిల్ల పక్కన కూర్చుంది. సుప్రియ తిన్నది, చాలన్నట్టు చెయ్యి చూపించింది. ఆ చూపించిన చెయ్యిని చూసి పావనికి ఏడుపు తన్నుకొచ్చింది. మళ్ళీ అదే చెయ్యి. డాక్టరు అన్న “ఎప్పుడన్నది చెప్పలేం” అనే మాట మళ్ళీ చెవిలో మోగింది. మొదటిసారి బడివాళ్ళను తిట్టుకోవడానికైనా వీలుండేది.

మధ్యాహ్నమంతా వంటింటి గడప మీద కూర్చుని ఫోనులో సంతబడి అని రాసినవన్నీ ఒక్కొక్కటే తీసేసింది. గోంగూర కట్టల కథ దగ్గర వేలు ఆగింది. ఎంతమందిని ఏడిపించిన కథ అది. ఎంత బాగా రాసిందో అనుకోకుండా ఉండలేకపోయింది. అంత భయంలోనూ ఆ చిన్న గర్వం తలెత్తడం చూసి తన మీద తనకే అసహ్యం వేసింది. దాన్నీ తీసేసింది. తీసేసినంత మాత్రాన చదివినవాళ్ళ బుర్రల్లోంచి పోదని ఆమెకు తెలుసు. గ్రూపులోంచి కూడా బయటికొచ్చేసింది.

ఎండ తగ్గాక వెనక నుంచి చిన్న అడుగుల చప్పుడు వినిపించింది. పావని తిరగలేదు. తిరిగితే పిల్ల వెనక్కి వెళ్ళిపోతుందేమోనని భయం. సుప్రియ వచ్చి గడప మీద, తల్లికి కొంచెం ఎడంగా కూర్చుంది. పెరట్లో బోర్లించిన చెంబు వైపు చూసింది.

“అమ్మా,” అంది. గొంతు బొంగురుగా ఉంది. “ఇవాళ్టిది కూడా రాస్తావా?”

పావని ఫోను గడప మీద బోర్లా పెట్టింది. “రాయను తల్లీ.”

“దేవత్తకి చెప్తావా?”

“చెప్పను.”

“మామ్మకి?”

“మామ్మకీ చెప్పను.”

“నాన్నకి?”

పావనికి అబద్ధం చెప్పాలనిపించింది గానీ, ఆ రోజు అబద్ధానికి కూడా భయమేసింది. “నాన్న చాలా భయపడ్డాడమ్మా. ఏం జరిగిందో ఇంటికొచ్చాక చెప్తానన్నాను. చెప్పాలి కదా.”

సుప్రియ కాళ్ళు ముడుచుకుని, మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుంది.

“నువ్వు చెప్పకు,” అంది చివరికి. “చెప్పేదుంటే నేను చెప్తా.”

వీధిలో హరిబాబు బండి ఆగింది. పిల్ల లేచి నిలబడి, గౌను సర్దుకుని, ముందు గదిలోకి వెళ్ళింది. వెనకాలే వెళ్ళబోయి పావని గడప దగ్గరే ఆగిపోయింది. ముందు గదిలో కుర్చీ లాగిన చప్పుడు, “ఏంటమ్మా?” అన్న హరిబాబు గొంతు. ఆ తర్వాత నిశ్శబ్దం. మాట వస్తుందా, అక్కడికి వెళ్ళాక మళ్ళీ ఆగిపోతుందా? చెవులు అటే లాగుతుంటే, పావని సింకు దగ్గరికి వెళ్ళి, పిల్ల మాట్లాడుతోందో లేదో తనకు వినపడకుండా కుళాయి పూర్తిగా తిప్పి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.